సంతకం ముందు, ఫీజు తర్వాత: పక్క రాష్ట్రం యూనివర్సిటీకి ఎర్లీ డెసిషన్

కిందటి అక్టోబరులో ఒక రాత్రి పదకొండు దాటాక న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి మా వదిన ఫోన్ చేసింది. అంత పొద్దుపోయాక ఆమె ఎప్పుడూ చేయదు. "మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు ఈ ఏడాది ఈడీ పెట్టారటగా. వాట్సాప్ గ్రూపులో అందరూ అదే మాట. ఈడీ వేస్తే చాన్స్ పెరుగుతుందట. వీడేమో వేసేస్తానని కూర్చున్నాడు. సంతకం పెట్టేయమంటావా?" అని ఒక్క గుక్కలో అడిగింది. ఈడీ అంటే ఎర్లీ డెసిషన్, సీటిస్తే తప్పక చేరతామని ముందే మాటిచ్చే అప్లికేషన్. వీడు అంటే మా మేనల్లుడు. అక్కడే పన్నెండో తరగతి, ఇంజనీరింగ్ చదవాలని కోరిక.

"సంతకం సంగతి తర్వాత వదినా. అన్నయ్యా నువ్వూ కూర్చుని నాలుగేళ్లకు ఎంతవుతుందో లెక్క చూసుకున్నారా?" అన్నాను. అవతల కాసేపు మాట లేదు.

ఆ మౌనం నాకు కొత్త కాదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇళ్లలో పిల్లల ఎస్సేల గురించి, కాలేజీ అడ్మిషన్ కి రాసే ఎస్ఏటీ పరీక్ష స్కోర్ల గురించి నెలల తరబడి మాట్లాడుకుంటారు. డబ్బు మాట మాత్రం సీటొచ్చాక చూద్దాంలే అని పక్కన పెడతారు. మామూలు అప్లికేషన్లకు అది సరిపోతుంది. ఎర్లీ డెసిషన్ కి సరిపోదు. అందులోనూ మనం ఉండని రాష్ట్రంలోని పబ్లిక్ యూనివర్సిటీకి ఎర్లీ డెసిషన్ వేసేటప్పుడు అసలు నిర్ణయం డబ్బుదే. చదువుది దాని తర్వాతే. నేను చెప్పదలచుకున్నది అంతా ఈ ఒక్క మాట చుట్టూనే.

ముందుగా ఎర్లీ డెసిషన్ అంటే ఏమిటో చూద్దాం. ఐఐటీ, ఎన్ఐటీ సీట్లకు జరిగే జోసా కౌన్సెలింగ్ లో ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అని మూడు ఆప్షన్లు ఉంటాయి కదా. వచ్చిన సీటు చాలు, ఇక మార్చొద్దు అనుకుంటే ఫ్రీజ్ నొక్కుతాం. అక్కడ కనీసం సీటు కనబడ్డాక నొక్కుతాం. ఎర్లీ డెసిషన్ లో సీటు రాకముందే, ఫీజు తేలకముందే ఫ్రీజ్ నొక్కుతాం. నవంబరు 1 ప్రాంతంలో అప్లికేషన్ పెడతారు. సీటిస్తే చేరతామని విద్యార్థి, తల్లిదండ్రుల్లో ఒకరు, స్కూల్ కౌన్సెలర్, ముగ్గురూ సంతకం పెట్టాలి. డిసెంబరులో సీటొస్తే మిగతా కాలేజీలకు పెట్టిన అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకోవాలి. ఇలా ఒక్క కాలేజీకే వేయగలం.

దీని పక్కనే ఎర్లీ యాక్షన్ అని ఇంకొకటి ఉంటుంది. పేర్లు దగ్గరగా ఉండడం వల్ల చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఎర్లీ యాక్షన్ లో కూడా ముందే అప్లై చేస్తారు, ముందే జవాబు వస్తుంది. కానీ ఏ కట్టుబాటూ లేదు. మే 1 దాకా అన్ని ఆఫర్లూ పక్కపక్కన పెట్టుకుని తేల్చుకోవచ్చు. పబ్లిక్ యూనివర్సిటీల విషయంలో ఈ తేడా చాలా పెద్దది. ఎందుకంటే మన పిల్లలు కోరుకునే పెద్ద పబ్లిక్ యూనివర్సిటీల్లో చాలావాటిలో అసలు ఎర్లీ డెసిషనే లేదు. జార్జియా టెక్, ఇల్లినాయ్ అర్బానా షాంపేన్, పర్డ్యూ, మేరీలాండ్, ఇవన్నీ ఎర్లీ యాక్షన్ తోనే నడుస్తాయి. ఆస్టిన్ లోని టెక్సస్ యూనివర్సిటీ కూడా 2024లో ఎర్లీ యాక్షన్ మొదలుపెట్టింది. బర్క్లీ, యూసీఎల్ఏ ఉన్న కాలిఫోర్నియా వ్యవస్థలో ముందు, వెనక అనేదే లేదు, అందరికీ ఒకటే గడువు. మరి ఈడీ ఎక్కడుంది? వర్జీనియాలో వర్జీనియా యూనివర్సిటీ, విలియం అండ్ మేరీ, వర్జీనియా టెక్, న్యూజెర్సీలో టీసీఎన్జే (కాలేజ్ ఆఫ్ న్యూజెర్సీ), వర్మాంట్ యూనివర్సిటీ, ఒహాయోలో మయామీ యూనివర్సిటీ, ఇప్పుడు మిషిగన్. లెక్కపెడితే కొద్ది పేర్లే. అందుకే వాట్సాప్ గ్రూపుల్లో ఈడీ వేయకపోతే వెనకబడిపోతామన్న టెన్షన్ లో పెద్ద భాగం ప్రైవేటు కాలేజీల నుంచి అరువు తెచ్చుకున్నది.

లోకల్, నాన్ లోకల్

అవుట్ ఆఫ్ స్టేట్ అన్న మాట తెలుగువాళ్లకు వివరించడం తేలిక. ఎంసెట్ రాసినవాళ్లందరికీ లోకల్, నాన్ లోకల్ తెలుసు. 85 శాతం సీట్లు ఆ ప్రాంతం పిల్లలకు, మిగిలిన 15 శాతంలో అందరితో పోటీ ఉండేది. అమెరికా పబ్లిక్ యూనివర్సిటీలదీ అదే న్యాయం. ఆ రాష్ట్ర ప్రజల పన్నులతో పుట్టి పెరిగినవి కాబట్టి ఆ రాష్ట్రం పిల్లలకే ముందు పీట. చాపెల్ హిల్ లోని నార్త్ కరోలినా యూనివర్సిటీలో ఫస్ట్ ఇయర్ లో బయటివాళ్లు 18 శాతానికి మించకూడదు. ఆస్టిన్ లో 90 శాతం సీట్లు టెక్సస్ వాళ్లకేనని చట్టమే చెబుతుంది. కాలిఫోర్నియా 2017లో బయటి రాష్ట్రాల విద్యార్థుల మీద తొలిసారి పరిమితి పెట్టింది. చాలా క్యాంపస్ లకు అది 18 శాతమే. జార్జియా టెక్ అయితే ఎర్లీ యాక్షన్ నే రెండుగా విడదీసి, మొదటిది జార్జియా వాళ్లకు, రెండోది మిగతావాళ్లకు అని గడువులే వేరుగా పెట్టింది.

కానీ ఒక పెద్ద తేడా ఉంది. మన దగ్గర నాన్ లోకల్ కి సీట్లు తక్కువ, కన్వీనర్ కోటా ఫీజు మాత్రం ఒకటే. ఇక్కడ నాన్ లోకల్ కి సీట్లూ తక్కువే, ఫీజూ మూడింతలు. మిషిగన్ లో ఆ రాష్ట్రం పిల్లలకు ట్యూషన్ ఏడాదికి సుమారు 18 వేల డాలర్లు. బయటివాళ్లకు 60 వేలు దాటింది. హాస్టల్, తిండి, పుస్తకాలు, ప్రయాణాలు కలిపితే ఏడాదికి 80 వేల పైమాటే. ఇంకో చిన్న సంగతి చాలామంది చూడరు. అక్కడ మూడో ఏడాది, నాలుగో ఏడాది ట్యూషన్ మొదటి రెండేళ్ల కంటే ఎక్కువ. కాబట్టి మొదటి ఏడాది బిల్లును నాలుగుతో గుణిస్తే వచ్చేది అసలు ఖర్చు కాదు, దానికంటే తక్కువ. మా వదినకు ఈ సంగతి చెప్పినప్పుడు "పైకెళ్లేకొద్దీ తగ్గాలి గానీ పెరుగుతుందా?" అంది. పెరుగుతుంది.

ఏడాది ఆ రాష్ట్రంలో ఉంటే లోకల్ అయిపోతాం కదా అని కొందరు ఆశపెట్టుకుంటారు. చదువు కోసం వెళ్లి ఉన్న ఏడాదిని చాలా రాష్ట్రాలు లెక్కలోకి తీసుకోవు. తల్లిదండ్రులు ఉద్యోగంతో సహా నిజంగా అక్కడికి మారి, సాధారణంగా ఏడాది గడవాలి. బిడ్డ ఒక్కడే వెళ్లి అపార్ట్‌మెంట్ లీజు, డ్రైవింగ్ లైసెన్స్ చూపిస్తే సరిపోదు.

యూనివర్సిటీలకు ఇది ఎందుకు కావాలి

ఈడీ విద్యార్థుల కోసం పుట్టింది కాదు. చరిత్ర చూస్తే ఇది తెలిసిపోతుంది. చాపెల్ హిల్ 2002లోనే ఎర్లీ డెసిషన్ వదిలేసింది. 2006లో హార్వర్డ్, ప్రిన్స్‌టన్ తమ ఎర్లీ పద్ధతులు ఆపేస్తామన్నప్పుడు వర్జీనియా యూనివర్సిటీ కూడా అదే దారి పట్టింది. ఆఫర్లు పోల్చి చూసుకునే వీలు లేనందువల్ల తక్కువ ఆదాయం ఇళ్ల పిల్లలు ఈడీ వైపు రావడమే లేదన్నది అప్పట్లో చెప్పిన ప్రధాన కారణం. అది నిజమైన కారణం, ఈ రోజుకీ నిజమే. అయినా అదే వర్జీనియా యూనివర్సిటీ 2019లో ఈడీని తిరిగి తెచ్చింది. 2025లో మిషిగన్, తన చరిత్రలోకెల్లా ఎక్కువ అప్లికేషన్లు చూస్తున్న కాలంలో, ఈడీ ప్రకటించింది.

లక్షకు అటూ ఇటూ అప్లికేషన్లు వచ్చే యూనివర్సిటీకి పిల్లలు దొరకరన్న బెంగ ఎందుకుంటుంది? బెంగ సంఖ్య గురించి కాదు, నమ్మకం గురించి. మిషిగన్ రాష్ట్రం అమ్మాయికి సీటిస్తే ఆమె చేరే అవకాశం బాగా ఎక్కువ. తక్కువ ఫీజు, ఇంటికి దగ్గర. న్యూజెర్సీ అబ్బాయికి సీటిస్తే అతను ప్రైవేటు కాలేజీకి పోవచ్చు, సొంత రాష్ట్రంలో ఉండిపోవచ్చు, ఇంకెక్కడో స్కాలర్‌షిప్ వస్తే అటు వెళ్లొచ్చు. బయటి పిల్లల్లో ఎందరు చేరతారో ఊహించడం అడ్మిషన్ ఆఫీసుకు ప్రతి ఏడాదీ తలనొప్పి. ఎక్కువ మంది చేరితే హాస్టళ్లు చాలవు. తక్కువ మంది చేరితే బడ్జెట్ కి గండి పడుతుంది, ఎందుకంటే పూర్తి ఫీజు కట్టేది వీళ్లే. రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చే డబ్బు ఖర్చులకు తగ్గట్టు పెరగని చోట, బయటి విద్యార్థుల ఫీజే ఆ లోటు పూడుస్తుంది. ఈడీ ఆ అనిశ్చితిని తీసేస్తుంది. నవంబరులోనే ఒక బయటి విద్యార్థి, పూర్తి ఫీజు కట్టగల ఇంటి నుంచి, తప్పకుండా వస్తానని రాసిస్తాడు.

యూనివర్సిటీని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. దానికి నడిచే బాధ్యత ఉంది. ఆ సంతకానికి అవతలి పక్కన విలువ ఎంత ఉందో తెలిస్తే, ఇవతలి పక్కన మనం ఏం ఇచ్చేస్తున్నామో కూడా అర్థమవుతుందని చెబుతున్నాను.

చాన్స్ నిజంగా పెరుగుతుందా

కొంత పెరగవచ్చు. గ్రూపుల్లో తిరిగే శాతాలు చెప్పేంత మాత్రం కాదు. ఎందుకో ఒక లెక్కతో చెబుతాను. ఇవి ఏ కాలేజీవీ కావు, అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలు. ఒక పబ్లిక్ యూనివర్సిటీకి ఈడీలో 1000 మంది అప్లై చేశారనుకుందాం. అందులో 700 మంది ఆ రాష్ట్రం వాళ్లు, వాళ్లలో 280 మందికి సీటొచ్చింది. బయటివాళ్లు 300, వాళ్లలో 45 మందికి వచ్చింది. మొత్తం 325 సీట్లు. ఈడీలో సీటు శాతం ముప్పై రెండున్నర అని అందరూ షేర్ చేస్తారు. న్యూజెర్సీ అబ్బాయికి ఆ అంకెతో పని లేదు. అతని అంకె 15 శాతం. ఎర్లీ యాక్షన్ లో బయటివాళ్లకు 12 శాతం ఉంటే, అతను సంతకం పెట్టి సంపాదించింది మూడు శాతం.

కాలేజీలు ఏటా బయటపెట్టే కామన్ డేటా సెట్ లో ఈడీకి ఎందరు వేశారు, ఎందరికి వచ్చింది అని ఉంటుంది. ఆ ఈడీ అంకెల్ని లోకల్, నాన్ లోకల్ గా విడదీసి చూపించదు. కాబట్టి అవుట్ ఆఫ్ స్టేట్ ఈడీ శాతం విడిగా యూనివర్సిటీ చెప్పకపోతే ఆ అంకెను పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోకండి. దానికి తోడు ఈడీ గుంపులో ఆటల కోటాలో ముందే మాట అయిపోయిన క్రీడాకారులు కూడా ఉంటారు. వాళ్లు సగటును పైకి లాగుతారు. పాత విద్యార్థుల పిల్లలకు దక్కే మొగ్గు ఒకప్పుడు ఉండేది. వర్జీనియా 2024లో చట్టం చేసి తన పబ్లిక్ యూనివర్సిటీల్లో దాన్ని ఆపేసింది, మంచి పని.

ఇంకొక మాట. పబ్లిక్ యూనివర్సిటీల్లో పోటీ యూనివర్సిటీకి ఒకటే కాదు, బ్రాంచికి కూడా. మన పిల్లల్లో ఎక్కువ మంది వేసేది కంప్యూటర్ సైన్స్ కో, ఇంజనీరింగ్ కో. అక్కడ సీట్లే తక్కువైనప్పుడు ఈడీ ఇచ్చే మొగ్గు ఎంత ఉన్నా ఆ ఇరుకు దారి వెడల్పవదు. సీటొచ్చి, అడిగిన బ్రాంచి రాకపోతే ఆ సంతకం వర్తిస్తుందా లేదా అన్నది అప్లై చేసే ముందే అడ్మిషన్ ఆఫీసుకు రాసి అడగాల్సిన ప్రశ్న. జవాబు ఈమెయిల్ లో తెప్పించుకోండి.

లెక్క

ఇక ఇంటి లెక్క. మా అన్నయ్యావాళ్లదే తీసుకుంటాను, వాళ్ల ఒప్పుకోలుతోనే. ఇద్దరూ ఐటీ ఉద్యోగాలు, సొంతిల్లు మీద లోన్, వెనక తొమ్మిదో తరగతి అమ్మాయి. ఇలాంటి ఇల్లు ఇండియాలో బంధువుల కంటికి బాగా ఉన్న ఇల్లు. యూనివర్సిటీ సాయం లెక్కలోనూ బాగా ఉన్న ఇల్లే, అంటే సాయం ఏమీ రాదు. నెలాఖరుకు చేతిలో మిగిలేది చూస్తే మాత్రం ఏడాదికి 80 వేలు తీయగల ఇల్లు కాదు.

2011 నుంచి అమెరికాలో ఫెడరల్ సాయం అందుకునే ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్ లో నెట్ ప్రైస్ క్యాల్క్యులేటర్ పెట్టాలని ఫెడరల్ చట్టం. ఆదాయం, ఆస్తి, పిల్లల సంఖ్య ఇస్తే సుమారుగా ఎంత కట్టాల్సి వస్తుందో చెబుతుంది. అరగంట పని. ఈడీ వేసే ముందు ఇది చేయని ఇల్లు కళ్లు మూసుకుని సంతకం పెట్టినట్టే. పబ్లిక్ యూనివర్సిటీల దగ్గర మరీ ముఖ్యం, ఎందుకంటే "అవసరం ఉన్నంత సాయం పూర్తిగా చేస్తాం" అన్న హామీని చాలావరకు సొంత రాష్ట్రం పిల్లలకే ఇస్తాయి. చాపెల్ హిల్, వర్జీనియా యూనివర్సిటీ బయటి రాష్ట్రాల పిల్లలకు కూడా ఆ మాట ఇచ్చిన అరుదైనవి. ఫీజు సాయానికి మిషిగన్ వాళ్లిచ్చే గో బ్లూ గ్యారంటీ పేరు విని ఆశపడకండి, అది మిషిగన్ వాళ్లకు మాత్రమే.

ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే భారం సగానికి చూస్తారన్న పాత మాట ఒకటి ఇంకా తిరుగుతోంది. 2024-25 నుంచి ఫాఫ్సా, అంటే ఫెడరల్ సాయం కోసం నింపే ఫారం, లెక్కలో ఆ విభజన లేదు. అన్నాచెల్లెళ్లు ఏడాది తేడాతో చదివే ఇళ్లకు ఇది పెద్ద దెబ్బ.

మరి అప్పు? విద్యార్థి పేరు మీద ఫెడరల్ అప్పు మొదటి ఏడాది 5,500 డాలర్లు, నాలుగేళ్లకు కలిపి 27,000. మిగతాది ఇదివరకు తల్లిదండ్రుల పేరు మీద వచ్చే ఫెడరల్ అప్పు, పేరెంట్ ప్లస్ లోన్ తో పూర్తి ఖర్చు దాకా తీసుకునేవాళ్లు. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు ఏడాదికి 20 వేలు, ఒక్కో బిడ్డకు మొత్తం 65 వేల డాలర్లే. 80 వేల బిల్లు ముందు ఇది ఎంత? తల్లిదండ్రులు తమ రిటైర్మెంట్ డబ్బు కదిలించాలి, లేదా ప్రైవేటు బ్యాంకు అప్పుకు పోవాలి. హైదరాబాద్ లోనో గుంటూరులోనో ఉన్న స్థలం అమ్ముదాం అన్న మాట చాలా ఇళ్లలో ఇక్కడే వస్తుంది. అమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ ఆ మాట అక్టోబరులో రావాలి, జనవరిలో కాదు.

ఇప్పుడు ఈడీ వల్ల పోయేదేమిటో చూద్దాం. అక్కడ వచ్చే స్కాలర్‌షిప్ పోతుందని చాలామంది అనుకుంటారు. మిషిగన్ లాంటి చోట బయటివాళ్లకు మెరిట్ డబ్బు ఎలాగూ చాలా కొద్దిమందికే. అసలు పోయేది ఇంకోచోట వచ్చేది. న్యూజెర్సీ సొంత పబ్లిక్ యూనివర్సిటీ రట్గర్స్ లో ఆ రాష్ట్రం పిల్లవాడికి హాస్టల్ తో కలిపి 35 నుంచి 40 వేలలో అయిపోతుంది. నాలుగేళ్లకు తేడా లక్షా అరవై వేల డాలర్ల పైనే. ఇక మార్కుల్ని బట్టి బయటి పిల్లలకు పెద్ద స్కాలర్‌షిప్ లు ఇచ్చే పబ్లిక్ యూనివర్సిటీలు ఉన్నాయి. అలబామా వాళ్లు జీపీఏ, స్కోరు ఇంత ఉంటే డబ్బు ఇంత అని ముందే ప్రకటిస్తారు. టెక్సస్ లో ఇంకో మంచి నిబంధన ఉంది. అక్కడి పబ్లిక్ యూనివర్సిటీలో పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం వెయ్యి డాలర్లది వస్తే, బయటి రాష్ట్రం విద్యార్థికి కూడా టెక్సస్ వాళ్ల ఫీజే వేసే వీలుంది. డాలస్ లోని టెక్సస్ యూనివర్సిటీ తెలుగువాళ్లకు కొత్త కాదు కదా. మధ్య పశ్చిమ, దక్షిణ, పశ్చిమ రాష్ట్రాలు తమలో తాము చేసుకున్న ఫీజు తగ్గింపు ఒప్పందాలు కూడా ఉన్నాయి. పశ్చిమ రాష్ట్రాల ఒప్పందంలో లోకల్ ఫీజుకు ఒకటిన్నర రెట్లు మించదు. ఈడీలో సీటొచ్చిన రోజు ఈ తలుపులన్నీ మనమే మూసేస్తాం. వాటి వెనక ఏముందో ఎప్పటికీ తెలియదు.

హెచ్ 4 పిల్లలు

దీని గురించి ఇంగ్లీషులో వచ్చే సలహాల్లో పెద్దగా కనబడదు, అందుకే విడిగా రాస్తున్నాను. గ్రీన్ కార్డు క్యూలో పదేళ్లు, పదిహేనేళ్లు గడిపిన తెలుగు ఇళ్లు ఎన్నో. బిడ్డ కిండర్‌గార్టెన్ నుంచి ఇక్కడే చదివింది, మాట తీరు ఇక్కడిదే, కాగితం మీద మాత్రం హెచ్ 4, అంటే హెచ్ 1బీ ఉద్యోగుల భార్యాభర్తలకు, పిల్లలకు ఇచ్చే వీసా. ఆ బిడ్డకు ఫెడరల్ సాయం లేదు, ఫెడరల్ అప్పూ లేదు. పబ్లిక్ యూనివర్సిటీలు సొంతంగా చేసే సాయం కూడా చాలావరకు సిటిజన్లకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే. పూర్తి సాయం హామీ ఇచ్చే యూనివర్సిటీలో కూడా ఈ బిడ్డ ఇంటర్నేషనల్ గడిలో పడితే ఆ హామీ వర్తించకపోవచ్చు.

సొంత రాష్ట్రంలో మాత్రం కాస్త ఊరట ఉంది. హెచ్ 1బీ మీద ఉన్న తల్లిదండ్రులు ఆ రాష్ట్రంలో స్థిరపడినట్టు చూపిస్తే చాలా రాష్ట్రాల్లో హెచ్ 4 బిడ్డకు ఇన్ స్టేట్ ఫీజే వేస్తారు. అయితే 21 ఏళ్లు నిండితే హెచ్ 4 పోతుంది, స్టూడెంట్ వీసా అయిన ఎఫ్ 1 కి మారాలి. ఎఫ్ 1 మీద ఉన్నవాళ్లను లోకల్ గా చాలాచోట్ల చూడరు. అంటే మూడో ఏడాదిలోనో నాలుగో ఏడాదిలోనో సొంత రాష్ట్రంలోనే ఫీజు ఒక్కసారిగా పెరిగే ప్రమాదం ఉంది. కాబట్టి హెచ్ 4 ఇంట్లో ఈడీ లెక్క వేసేటప్పుడు బిడ్డ 21వ పుట్టినరోజు ఏ సెమిస్టరులో వస్తుందో క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుని, అప్పుడు ఫీజు మారుతుందా అని సొంత రాష్ట్రం యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసును అడగండి. ఆ జవాబు లేకుండా పక్క రాష్ట్రంతో పోల్చి చూస్తే పోలిక తప్పుతుంది. ఈ పిల్లల తప్పేమీ లేకుండా వాళ్ల మీద పడే భారం ఇది. తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

తేదీల చిక్కు

ఈడీ ఒక కాలేజీకి వేసి, ఎర్లీ యాక్షన్ ఎన్ని పబ్లిక్ యూనివర్సిటీలకైనా వేయవచ్చు. ఇబ్బంది వేరే వైపు నుంచి వస్తుంది. స్టాన్‌ఫర్డ్, ప్రిన్స్‌టన్, యేల్, హార్వర్డ్ ల ఎర్లీ యాక్షన్ లో మాకు వేస్తే ఇంకే ప్రైవేటుకీ ఎర్లీ వేయొద్దన్న షరతు ఉంది. పబ్లిక్ యూనివర్సిటీలకు కట్టుబాటు లేని ఎర్లీ అయితే ఫర్వాలేదంటారు. ఇన్నాళ్లూ పిల్లలు ప్రిన్స్‌టన్ కి, మిషిగన్ కి రెండిటికీ ఎర్లీ వేసుకునేవాళ్లు. ఇప్పుడు మిషిగన్ కి ఈడీ వేస్తే అది కట్టుబాటు ఉన్న అప్లికేషన్, రెండూ కుదరవు. పాత ఏడాది అన్నయ్యో అక్కో చేసినట్టే చేస్తే పొరపాటు జరిగేది ఇక్కడే.

రెండోది, ఈడీ జవాబు వచ్చే వేళ. మిషిగన్ డిసెంబరు ఆఖరులోగా చెబుతుంది. చాలా ప్రైవేటు కాలేజీల రెగ్యులర్ గడువు జనవరి 1 నుంచి 5 లోపు. కాలిఫోర్నియా గడువు అంతకన్నా ముందే ముగుస్తుంది, క్యాంపస్ కి 80 డాలర్లు కట్టి మరీ. కాబట్టి ఈడీ వేశాం కదా అని మిగతావి రాయకుండా ఉండకండి. జవాబు కాదనో, డిఫర్ (ఇప్పుడు తేల్చం, తర్వాత చూస్తాం) అనో వస్తే సెలవుల వారంలో పది ఎస్సేలు రాయడం ఏ బిడ్డకూ వద్దు. డిఫర్ అయితే మాత్రం సంతకం కట్టు వదిలిపోతుంది, రెగ్యులర్ లో అందరితో పాటు చూస్తారు.

ఏ యూనివర్సిటీ ఈడీ ఎవరికి, లోకల్ కా, అందరికా, గడువు ఎప్పుడు అన్నవి ఏడాదికేడాది మారుతున్నాయి. కిందటేడు పక్కింటివాళ్లు చెప్పినది కాకుండా, మీరు అప్లై చేసే ఆగస్టులో యూనివర్సిటీ పేజీలో ఏముందో అదే చూడండి.

సంతకం పెట్టాక వెనక్కి రావచ్చా? ఇచ్చిన సాయంతో కట్టలేమని చూపిస్తే వదిలేస్తారు, ఆ వీలు ఈడీ ఒప్పందంలోనే ఉంది. కోర్టుకు లాగే కాగితం కూడా కాదు. కానీ సాయం ఏమీ రాదని క్యాల్క్యులేటర్ అక్టోబరులోనే చెప్పినా వేసి, డిసెంబరులో డబ్బు చాలదంటే అది మాట తప్పడమే. ఆ ఫారం మీద కౌన్సెలర్ సంతకం ఉంది. వచ్చే ఏడాది అదే స్కూల్ నుంచి అదే యూనివర్సిటీకి వేసే పిల్లల అప్లికేషన్లు పంపేది ఆ కౌన్సెలరే.

ఈడీ ఎవరికీ వద్దని నేను అనడం లేదు. పూర్తి ఫీజు అప్పు లేకుండా కట్టగలిగి, పిల్లల చదువు కోసం దాచుకునే 529 ఖాతాలో సరిపడా ఉండి, బిడ్డ ఆ క్యాంపస్ చూసి, ఇదే కావాలని మనసారా అనుకుంటే, సంతకం పెట్టండి. డిసెంబరుకే ఇంట్లో ప్రశాంతత వస్తుంది, దానికీ విలువ ఉంది. బయటి పిల్లలకు కూడా పూర్తి సాయం హామీ ఇచ్చే చోట ఈడీ ఉండి, మీకు వర్తిస్తే, క్యాల్క్యులేటర్ చూపించిన అంకె మీరు కట్టగలిగేది అయితే, తక్కువ ఆదాయం ఇంటికి కూడా భయపడాల్సిన పని లేదు. ఇబ్బందంతా మధ్యలో ఉన్న ఇళ్లకే. సాయం రానంత ఆదాయం, పూర్తి ఫీజు కట్టలేనంత ఖర్చులు. అమెరికా తెలుగువాళ్లలో ఎక్కువ మంది ఉన్నది అక్కడే.

ఆ శనివారం మా అన్నయ్య డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టి క్యాల్క్యులేటర్ లో అన్నీ నింపాడు. వదిన పక్కన కాగితం మీద రట్గర్స్ ఖర్చు, చెల్లెలి కాలేజీ మొదలయ్యే ఏడాది, ఇంటి లోన్ రాసుకుంది. మిషిగన్ అంకె స్క్రీన్ మీదకు వచ్చాక మా మేనల్లుడు చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడట. "ఏడాదికా? నాలుగేళ్లకు అనుకున్నాను" అన్నాడట. తర్వాత, "ఈ సంగతి నాకు ఎందుకు ముందే చెప్పలేదమ్మా?" అని అడిగాడట. వదిన నాకు ఫోన్ లో ఈ మాట చెబుతూ కాసేపు ఆగిపోయింది.

అక్టోబరు ఆఖరి రోజు రాత్రి వాడే అప్లికేషన్ తెరిచి, మిషిగన్ దగ్గర ఎర్లీ డెసిషన్ మీద ఉన్న టిక్ తీసి ఎర్లీ యాక్షన్ మీద పెట్టాడు. ఎస్సేలో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.